రంగు గంజు

అడుగుకు తడి మట్టి పూసిన వంట గంజు ఎండలో ఆరుతున్నప్పుడు ఒక వాసన వస్తుంది. తొలకరి వాసనలాంటిదే అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. నాకది కాలినడక వాసన. నిన్న, ఇప్పుడు మేముంటున్న కుంభారిలో, మా ఇంటి ముందు పెద్ద గంజులు బోర్లించి, వాటి అడుగులకు మట్టి పూస్తుంటే మా అమ్మాయి వచ్చి నిలబడింది. "నడకకు గ్యాసు పొయ్యి తీస్కపోరాదే అమ్మా, ఈ మట్టి పనేంది" అంది. చేతులు మట్టిలో ఉన్నాయి, మనసు మాత్రం భవాని పేట్‌లో యాదమ్మత్త గడప దగ్గరికి వెళ్ళిపోయింది.

యాదమ్మత్త నాకు వరుసకు అత్త కాదు. నేను కాపురానికి వచ్చిన ఇంటికి ఎదురింటావిడ. పొద్దస్తమానం గడపలో కూర్చుని, చేట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుట్టేది. వేళ్ళు చేట మీద, కళ్ళు వీధి మీద, నోరు అందరి మీద. దసరా వెళ్ళాక మా వీధివాళ్ళు ముప్పై మంది దాకా తుల్జాపూర్ అమ్మవారి దగ్గరికి నడిచి వెళ్ళేవారు. రెండు రోజుల నడక. దారిలో ఒక పొలంలో, బావి పక్కన మకాం. అక్కడ రాళ్ళ పొయ్యి పెట్టి వండుకునేవారు. ఆ వంటకు గంజులు ఏరే పెత్తనం యాదమ్మత్తది. ఆ విషయంలో మగవాళ్ళు కూడా ఆమెకు ఎదురు చెప్పేవారు కాదు.

ఆమె గంజులు ఏరడం చూసి తీరాలి. వీధివాళ్ళు తెచ్చినవన్నీ వరసగా పెట్టించి, పెళ్ళిచూపులకు వచ్చినదానిలా ఒక్కోదాని ముందూ కూర్చునేది. వేలి కణుపుతో అడుగు మీద కొట్టి చప్పుడు వినేది. చెవులు పట్టుకుని ఊపి చూసేది. మూత సరిగ్గా కూర్చుంటుందా, ఒకదాంట్లో ఒకటి ఇముడుతుందా అని సర్ది చూసేది. పల్చటి స్టీలు గిన్నె తెస్తే, మరాఠీ కలిపిన మాటల్లో, "ఇది లై పాతళ్ ఉన్నది, కట్టెల మంటకు అన్నం మాడుతది" అని పక్కన పెట్టేది. ఇత్తడిది తెస్తే, "దీన్ని నువ్వు మోస్తవా, నీ మొగడు మోస్తడా?" అనేది. ఒకసారి ఎవరో కొత్త నాన్‌స్టిక్ గిన్నె తెచ్చి గొప్పగా ముందు పెట్టారు. ఆమె దాన్ని తిప్పి తిప్పి చూసి, "దీని నల్లతోలు మన కడుపులకే పోతది, ఇంట్ల దాసుకో బిడ్డా" అంది. తెచ్చినామె మొహం మాడిపోయింది, మేమంతా నవ్వాం.

నా పెళ్ళయిన మొదటి ఏడు నేనూ వెళ్ళాలని తహతహలాడాను. అదే ఊళ్ళోని జోడ్‌భావి పేట్‌లో పుట్టి పెరిగినదాన్ని. అక్కడి నుంచి భవాని పేట్ ఎంత దూరమని? అయినా పెళ్ళయ్యాక ఆ వీధి దాటింది లేదు, నాకంటూ పలకరించే మనిషి లేదు. నడకకు వెళ్తే నలుగురిలో కలుస్తానని ఆశ. అయితే కొత్తగా వచ్చేవాళ్ళు ఒక పెద్ద గంజు తేవాలని వీధిలో అనుకోవడం విన్నాను. మా ఇంట్లో ఉన్నవన్నీ నలుగురికి వండే చిన్న గిన్నెలు. పెద్దది ఒక్కటే ఉంది, అటక మీద. మా మామ చేతిమగ్గం నేసిన రోజుల్లో నూలుకు ఎర్రరంగు వేసిన గంజు అది.

రంగు గంజులో వండకూడదని మగ్గాల ఇళ్ళలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. నాకూ తెలుసు. తెలిసే దించాను. బూడిద, చింతపండు, ఇటుక పొడి కలిపి, మగ్గాల కింద పడే నూలు చిక్కుతో మూడు రోజులు తోమాను. చేతులు పుళ్ళు పడ్డాయి గానీ గంజు కొత్తదానిలా మెరిసింది. యాదమ్మత్త వేలితో కొట్టి చూసి, "జాడ్ ఉన్నది, అడుగు మందం మంచిగున్నది. తోముడంటే గిట్ల తోమాలె" అని అందరికీ చూపించింది. ఆ మెప్పుకు నేను పొంగిపోయాను. సిగ్గుపడాల్సింది పోయి పొంగిపోయాను.

మకాం చేరేసరికి సాయంత్రం నాలుగైంది. గంజుల అడుగులకు మట్టి పూయడం నాకు నేర్పింది ఆమే. "లోపట మనం తినేటందుకు, బయట పొయ్యి తినేటందుకు. పొయ్యికి మట్టి పెడితే గంజును ముట్టది" అంది. మసి అంతా మట్టికి పడుతుంది, తర్వాత మట్టి పెళ్ళలుగా రాలిపోతుంది. నా గంజులోనే అన్నం వండే పని నాకు అప్పగించి ఆమె పప్పు దగ్గరికి వెళ్ళింది. ఎసరు పొంగింది. మూత తీసి చూస్తే గంజు అంచుల వెంట అన్నం గులాబీ రంగులో ఉంది. అంచు మడత లోపల మిగిలిపోయిన రంగును ఆవిరి కిందికి దించింది. 

ఎవరూ చూడలేదు. పక్కనే పసుపు డబ్బా ఉంది. గుప్పెడు పసుపు వేసి కలిపాను. ఎరుపు ఎటు పోయిందో తెలియలేదు. యాదమ్మత్త వచ్చి చూసి, "అమ్మవారి దగ్గరికి పోతున్నం, పసుపన్నం చేసినవ్. మంచి ఆలోచన బిడ్డా" అంది. అందరూ పళ్ళేలు పట్టుకుని కూర్చున్నారు. గంజులు ఏరినవాళ్ళే మొదటి ముద్ద తినాలని వాళ్ళ కట్టుబాటు. ఆమె అన్నం పెట్టుకుని, పప్పు కలిపి, ముద్ద చేసి ఎత్తింది. ఎందుకో ఆమె నావైపు చూసి నవ్వింది. ఆ నవ్వుకే నేను ఓడిపోయాను.

"అత్తా, తినకు. అది రంగు గంజు" అన్నాను.

ఆమె ముద్ద పళ్ళెంలో పెట్టింది. లేచి అందరితో, "అన్నం చెడ్డది. రేపటి కడక్ జొన్నరొట్టెల మూట ఇప్పుండ్రి, పప్పు పోసుకుందాం" అంది. ఒక పెద్దాయన, "ఇంత బియ్యం మట్టిపాలాయె" అని గొణిగాడు. "మట్టిపాలే అయింది గదా, మన పొట్టలకు పోలేదు" అంది. కుక్కలు కూడా తినకుండా గుంట తవ్వించి ఆ అన్నాన్ని పూడ్చిపెట్టింది. ఆ తర్వాత ఒక మొల తీసుకుని, గంజు అడుగున రాయితో కొట్టి చిల్లు పొడిచింది. "ఇగ దీంట్ల ఎవ్వరూ వండరు. మీ అత్త అడిగితే యాదమ్మ పొడిచిందని చెప్పు" అంది.

బావి దగ్గర మిగతా గంజులు తోముతున్నప్పుడు ఆమె నా పక్కన కూర్చుంది. నేను తల ఎత్తలేకపోయాను.

"ఎందుకు తెచ్చినవ్ బిడ్డా?"

"గంజు లేకుంటే తోలుకపోరని..."

"ఎవలు చెప్పిన్రు?"

"వీధిల అన్నరు."

ఆమె చేతిలోని నూలు చిక్కు ఆగింది. "గంజు లేదంటే నిన్ను ఇడిసిపెట్టి పోదునా?" అంది. "నడిచేటందుకు కాళ్ళుంటే చాలు గదనే పిచ్చిదానా."

అప్పుడు ఏడ్చాను. తప్పు బయటపడినందుకు కాదు. పెళ్ళయి ఆ వీధికి వచ్చాక నాకోసం ఒకరు అలా మాట్లాడటం అదే మొదటిసారి. ఆమె ఓదార్చలేదు, నా చేతిలోని గంజు లాక్కుని తానే తోమడం మొదలుపెట్టింది. మర్నాడు దారి పొడుగునా నా పక్కనే నడిచింది. ఎవరైనా రాత్రి అన్నం సంగతి ఎత్తబోతే, "నా పానం కాపాడింది ఈ పిల్ల" అని వాళ్ళ నోరు మూయించింది. అది నిజం కాదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. దాచినదాన్ని కూడా నేనే కదా.

ఆమె చాలా ఏళ్ళు మాతో నడిచింది. మోకాళ్ళు సహకరించని ఏడు గంజుల పెత్తనం నాకు ఇచ్చింది. మరుసటి ఏడు పోయింది. వేలితో కొట్టి చప్పుడు వినడం, చెవులు ఊపి చూడటం, మట్టి ఎంత మందంగా పూయాలో, మాడిన అడుగును గీకకుండా వేడినీళ్ళతో ఎలా నానబెట్టాలో అన్నీ అంతకుముందే నేర్పింది. అవి ఎవరైనా పది రోజుల్లో నేర్చుకుంటారు. బావి దగ్గర ఆమె అన్న మాట అలా నోట్లోకి రావడానికి మాత్రం నాకు చాలా కాలం పట్టింది. నాది చురుకైన నోరు. కొత్తగా వచ్చినవాళ్ళను చూస్తే ముందు గంజు ఉందా, ఎంతది అనే ప్రశ్నలే వచ్చేవి.

ఇప్పుడు నడకకు పేర్లు రాసుకునేటప్పుడు గంజు ఉందా అని ఎవరినీ అడగను. ముందు నా రంగు గంజు కథ చెబుతాను, వాళ్ళు నవ్వుతారు, నేనూ నవ్వుతాను. ఆ తర్వాత, ఉంటే తెండి, లేకుంటే కాళ్ళతో రండి అంటాను. ఈ ఏడు చాలామంది పేర్లు ఇచ్చారు. వాళ్ళలో సగం మంది ఉత్త చేతులతో వస్తున్నారు.