ఉప్పు తగిలేదాకా

మా ఆయన ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో వంటమాస్టరు. చెంచా కొలత ఎరగరు. నాలుగు వందల మందికి వండే కూరలో గుప్పిటితో ఉప్పు విసిరితే అది సరిగ్గా సరిపోయేది. ఇరవై ఎనిమిదేళ్ళలో ఉప్పు చూడమని ఇంకొకరిని అడిగిన పాపాన పోలేదు.

క్యాన్సర్ మందు రెండోసారి ఎక్కించాక ఆ నాలుక మొద్దుబారింది. నోటినిండా పుండ్లు లేచాయి. క్యాంటీన్‌లో గరిటె మా మరిది చేతికి వెళ్ళింది. "చిన్న మాస్టరు కూర అదరగొట్టాడు" అని పనివాళ్ళు అన్నారని తెలిసిన రోజు ఈయన అన్నం ముట్టలేదు. కుళ్ళు, సొంత తమ్ముడి మీదే పచ్చి కుళ్ళు.

"ముక్కు చీదడం నేను నేర్పిన వెధవకి ఉప్పు చూడ్డం వచ్చిందట!"

ఆసుపత్రిలో నర్సు కాగితం రాసిచ్చింది. గ్లాసు గోరువెచ్చటి నీళ్ళలో పావు చెంచా ఉప్పు, పావు చెంచా వంటసోడా కలిపి, తిన్న ప్రతిసారీ పుక్కిలించాలి. మెత్తటి బ్రష్ వాడాలి, కారం మానాలి. "నొప్పి పెరిగితే దాచకండి. పుండ్లు ముదిరితే మూడో విడత మందు ఆపాల్సొస్తుంది" అంది.

"నాకే ఉప్పు కొలిచిస్తుందా ఆ పిల్ల!" అని ఈయన కాగితాన్ని ఉప్పు డబ్బా కిందికి తోసేశారు. తన నీళ్ళు తనే కలుపుకున్నారు. వారం తిరక్కుండా గుక్కెడు నీళ్ళు మింగడానికే కళ్ళనీళ్ళు వచ్చేవి. నర్సుకు చెబుదామంటే కసిరేవారు. మందు తేదీ ఇక నాలుగు రోజులే.

ఆ సాయంత్రం మరిది వచ్చాడు. అన్నగారి గ్లాసు లాక్కుని, అరచేతిలో రెండు చుక్కలు వంపుకుని నాకి చూశాడు.

"అన్నయ్యా, ఇది సముద్రం! ఎంతేశావ్?"

"ఉప్పు తగిలేదాకా వేశా."

తగలడానికి ఆ నాలుకకు రుచి ఏదీ? నేనే లేచి నర్సుకు ఫోన్ చేశాను.

మర్నాడు డాక్టరు చూసి, నొప్పి తగ్గే మందు రాశాడు. ఇంకా ముదరలేదు, నీళ్ళు సరిగ్గా కలుపుకుంటే మూడో విడత తేదీకే ఇద్దామన్నాడు. ఇంటికొచ్చి ఈయన చెంచాతో కొలిచి కలిపారు. అయినా నమ్మకం కుదరక, ఒక చుక్క తమ్ముడి అరచేతిలో వేశారు.

"ఉప్పు చూడరా."

"సరిపోయింది."

"నీకేం తెలుసు ఉప్పు సంగతి!" అంటూనే పుక్కిలించారు. మర్నాడు కూడా గ్లాసు పట్టుకుని గుమ్మంలో వాడి కోసమే నిలబడ్డారు. పక్కనే నేనున్నాను. ఇన్నేళ్ళ కాపురంలో ఉప్పు చూడమని నన్ను ఒక్కసారీ అడగలేదు. ఈసారి కుళ్ళు నాది.