మెయింటెనెన్స్‌లో ఉన్న పైసలు

మా ఇంట్లోకి క్రిప్టో అన్న మాటను మోసుకొచ్చింది బావ. బావ గనిలో ఫిట్టర్. బొగ్గును పైకి తెచ్చే బెల్టు బాగోగులు చూడటం ఆయన పని. కంపెనీ ఏటా ఇచ్చే లాభాల వాటా, ప్లాటు కోసం అక్క కూడబెట్టిన డబ్బు కలిపి ఫోన్‌లో క్రిప్టో కొని అమ్మే ఒక ఎక్స్ఛేంజిలో పెట్టాడు. అదేంటని అడిగితే, "బంగారం అసొంటిదే బామ్మర్ది, కాకపోతే కనవడది," అన్నాడు. కనబడనిదాన్ని నమ్మడం మాకేం కొత్త కాదు. కంపెనీ క్వార్టర్లలో ఇంకా రాని నల్లా నీళ్లను కూడా అలాగే నమ్ముతాం.

ప్లాటు బసంత్‌నగర్ దారిలో ఉంది. అమ్మేది మందమర్రి గనిలో పంపు నడిపి రిటైరైన పెద్దమనిషి. బయానా పోను మిగతా డబ్బు కడితే రిజిస్ట్రేషన్, లేకపోతే ఇంకొకరికి. అక్క అప్పటికే వంటగది ఏ మూలన రావాలో తేల్చేసింది.

ఆ ఆదివారం డ్యూటీకి పోయే ముందు బావ డబ్బు తీయబోతే, మెయింటెనెన్స్ జరుగుతోంది, విత్‌డ్రాయల్స్ ఆపాం అని ఫోన్‌లో వచ్చింది. వేరే ఊరివాడైతే అక్కడే గుండె పట్టుకునేవాడు. బావ మెచ్చుకున్నాడు. గనిలో ఆదివారం బెల్టు ఆపి, తెగిన జాగాలు అతికించి, గ్రీజు పెడతారు. ఆగిన బెల్టు మీది బొగ్గు ఎక్కడికీ పోదు. సోమవారం స్విచ్ వేస్తే కదులుతుంది.

"పద్ధతి గల్లోళ్లు," అన్నాడు. "ఆపకుంట నడిపితేనే భయపడాలె."

తనలాగే డబ్బు పెట్టిన దోస్తులకూ ఇదే చెప్పాడు. అందరూ గనివాళ్లే, అందరూ నిమ్మళంగా నిద్రపోయారు.

సోమవారం స్విచ్ పడలేదు. ఆ వారమంతా పడలేదు.

"బావా, గ్రీజు డబ్బ మర్సిపోయినట్టున్నరు," అన్నాను.

"స్పేర్లు రాలేదేమో," అన్నాడు బావ, నవ్వకుండా.

తర్వాత ఒక సాయంత్రం మెయిల్ వచ్చింది. బావ నాకిచ్చి చదవమన్నాడు. ఎక్స్ఛేంజి మూతబడింది. ఖాతాదారుల సొమ్ములో కొంత జాడ తెలియడం లేదు. ఎంత, ఎవరిది, ఎక్కడుందో పరిశీలిస్తున్నారు. చివర్లో మా సహనానికి ధన్యవాదాలు చెప్పారు. మా సహనాన్ని వాళ్లెప్పుడు చూశారో.

అక్క పప్పు గరిటెతోనే వంటగదిలోంచి వచ్చింది.

"పోయినయా?"

"పోయినయని రాయలే అక్కా."

"మరి ఉన్నయా?"

"ఉన్నయని గూడ రాయలే."

"కొంత అంటే ఎవల్ది? మనయి పోయిన దాంట్ల ఉన్నయా, మిగిలిన దాంట్ల ఉన్నయా?"

చావింట్లో కూడా నా దగ్గర ఒక జోకు ఉంటుంది. ఆ సాయంత్రం ఎంత వెతికినా దొరకలేదు. బావ గోడకు ఆనుకుని కూలబడ్డాడు. "మరి మెయింటెనెన్స్ అని ఎందుకు రాసిండ్రు?" అని అడిగాడు. ఇన్నేళ్ల సర్వీసులో ఆ మాటను ఉత్తగా కూడా రాయొచ్చని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

అప్పుడే బావ ఫోన్ నా చేతిలో మోగింది. ప్లాటు పెద్దమనిషి. బావ కదల్లేదు. అక్క ఫోన్ తీసుకుని స్పీకర్ నొక్కింది.

"బిడ్డా, పైసల ముచ్చట ఏమాయె? ఇంకో పార్టీ తిరుగుతున్నరు."

అక్క బావ వైపు చూసింది.

"మెయింటెనెన్స్‌ల ఉన్నయి కాకా."

గని మాట వినగానే పెద్దమనిషి గొంతు మెత్తబడింది.

"అట్లనా. గా ముచ్చట ముందుగాల చెప్పద్దా బిడ్డా. మెయింటెనెన్స్ అయితే తొందర వెట్టద్దు. వచ్చే ఆదివారం దాంక ఆగుత తియ్యి."

ఫోన్ పెట్టేశాక ఎవరమూ నవ్వలేదు. అక్క ఆడింది అబద్ధమో కాదో, ఆ మెయిల్ పంపినవాళ్లకూ తెలియదు. లోపల పప్పు మాడుతున్న వాసన వచ్చింది. లేచి స్టవ్ ఆపింది నేనే.