పాట లేని చీటీ

మా చిన్నప్పుడు నాన్న తన ఫోన్‌ని బియ్యం డబ్బాలో పెట్టి మూత బిగించేవారు... సౌదీలోని యాన్బులో మేముండే ఫ్లాట్‌లో, వంటింటి గట్టు కింద, అమ్మ కాకినాడ నుంచి మోసుకొచ్చిన స్టీలు డబ్బా అది. లోపల ఫోన్ గుర్రుమంటూ వణుకుతూ ఉండేది.

నీళ్లలో పడిన ఫోన్‌ని బియ్యంలో పెట్టాలని స్కూల్లో ఎవరో చెప్పారు. మా నాన్న ఫోన్ రోజూ నీళ్లలో పడుతోందేమో అనుకునేదాన్ని!

అసలు సంగతేమిటంటే... ఆ ఫోన్లు చేసేది బ్యాంకువాళ్లు.

నాన్న అక్కడి ప్లాంట్లో టెక్నీషియన్. జీతం బాగానే ఉండేది. కానీ సెలవుకి ఇండియా వెళ్లాలంటే మా ఇంట్లో తిరునాళ్లే. అత్తలకి బంగారం, బాబాయిలకి వాచీలు, ఎదురింటివాళ్లకి దుప్పట్లు, సెంటు సీసాలు... "సౌదీ నుంచి చేతులూపుకుంటూ ఎలా వెళ్తామే?" అనేవారు నాన్న. అమ్మేం తక్కువ తినలేదు. "మా చిన్నక్కకి ఇంకో జత గాజులు" అనేది. అంతా కార్డు మీదే. ఆ కార్డు కట్టడానికి ఇంకో కార్డు, రెండూ కట్టడానికి బ్యాంకు లోను.

అంతలో కాంట్రాక్టు మారింది. కొత్త కంపెనీ జీతం తగ్గించింది. గోరుచుట్టు మీద రోకటిపోటు...

ఒక శుక్రవారం పొద్దున్న అమ్మ పెసరట్లు పోస్తుంటే నాన్న గుమ్మంలో నిలబడి ఉన్నదంతా చెప్పేశారు. "ఇక నావల్ల కాదే... మిమ్మల్ని ఊరికి పంపేసి నేను కంపెనీ క్యాంపు గదిలో ఉంటాను. బ్యాంకువాళ్లు కేసు పెడితే నా ఎగ్జిట్ వీసా కూడా ఆగిపోద్ది, ఈ దేశం దాటనివ్వరు."

పెనం మీద అట్టు మాడిపోయింది. అమ్మ పొయ్యి కట్టేసింది. నాకు లోన్లూ కార్డులూ ఏమీ అర్థం కాలేదు. నాన్న లేకుండా మేం వెళ్లిపోవాలన్న ఒక్క ముక్కే అర్థమై ఏడుపొచ్చేసింది.

"పైన జాహెదా గారిని అడుగుదామండీ. కమిటీ నడుపుతున్నారుగా," అంది అమ్మ కాసేపటికి.

జాహెదా ఆంటీది నిజామాబాద్. బిల్డింగ్‌లో కొన్ని కుటుంబాలు ఆవిడ దగ్గర నెలనెలా తలా ఇంత వేసేవి. పోగైన మొత్తాన్ని నెలకొకరు చొప్పున తీసుకునేవాళ్లు. దాన్నే కమిటీ అనేవాళ్లు.

నాన్న మొహం చిట్లించారు. "చీటీయే కదే అది! ముందుగా కావాలంటే తగ్గించి పాడుకోవాలి. అవసరం ఉన్నోడికే ఎక్కువ నష్టం. పాటలోనే సగం పోద్ది."

మా వైపు చీటీలు చూసి పెరిగిన మనిషి మరి... అందుకే ఇన్నాళ్లూ ఆ మెట్లు ఎక్కలేదు. దానికి తోడు సిగ్గు.

"అడగందే అమ్మయినా పెట్టదు. లేవండి," అంది అమ్మ.

ఆ మధ్యాహ్నమే ఆంటీ వాళ్ల హాల్లో కొత్త కమిటీ మొదలవుతోంది. అందరూ తివాచీ మీద కూర్చున్నారు. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చారు. ఏసీ ఎదురుగా కూర్చున్నా చెమటలు పడుతున్నాయి. చివరికి గొంతు సవరించుకుని, "మొదటి చీటీ నాకు కావాలండి... ఎంతకి పాడమంటారో చెప్పండి, పాడేస్తాను," అన్నారు.

హాలంతా ఒకటే నవ్వులు. నాన్న తల దించుకున్నారు.

ఆంటీ నవ్వు ఆపుకున్నారు. "పాటేందన్నా? గిక్కడ పాట గీట ఏం లేదు. ఎవలకు ఎక్కువ అవుసరముంటే వాళ్లకే ముందు నంబరు. గని ఏం అవుసరమో చెప్పాలె మరి."

అదిగో, అక్కడొచ్చింది చిక్కు. నష్టానికి సిద్ధపడి వచ్చిన మనిషి నిజం చెప్పడానికి సిద్ధపడి రాలేదు! అమ్మ పక్కనుంచి మోచేత్తో పొడిచింది. నాన్న మెల్లగా మొదలుపెట్టారు... కార్డులు, లోను, సెలవుల బంగారం, అన్నీ. "పిల్లల్ని పంపేయాల్సి వస్తదేమోనండి" అని ముగించారు.

ఈసారి ఎవరూ నవ్వలేదు. మొదటి నంబరు నాన్నకే ఇచ్చేశారు.

ఆంటీ టీ గ్లాసు చేతికిచ్చి చెప్పారు. "కొత్త లోను తీసి పాత లోను కట్టుడు బందు చెయ్యన్నా. ఈ పైసలతోని ముందుగాల కార్డులు మూసెయ్, గవే ఎక్కువ తింటున్నయ్. బ్యాంకుకు నువ్వే పోయి జీతం తగ్గిందని చెప్పు. కిస్తీ తగ్గించుమని అడుగు. కిస్తీ తగ్గితే ఏండ్లు పెరుగుతయ్, గది గూడ చూస్కో. ఫోను బియ్యంల దాస్తే అప్పు తీరుతదా?"

నాన్న అమ్మ వైపు చూశారు. అమ్మ గబుక్కున సీలింగ్ వైపు చూసింది.

కిందికొచ్చాక నాన్న రెండోసారి అన్నం పెట్టించుకుని తిన్నారు. నట్టింట్లో చాప పరుచుకుని పడుకుంటే సాయంత్రానికి గానీ లేవలేదు. "హమ్మయ్య..." అంది అమ్మ. ఎంత హాయిగా అనిపించిందో ఆ మాట వింటుంటే! ఇక మమ్మల్ని పంపరని నాకు తెలిసిపోయింది.

బ్యాంకులోనూ అడిగారు. వాయిదా తగ్గింది, గడువు పెరిగింది. కొన్నేళ్లు సెలవులు మానుకున్నాం. ఆ తర్వాత వెళ్లినప్పుడు అందరికీ ఖర్జూరం పొట్లాలే. పెద్దత్త మొహం మాడింది. మాడనీ!

మరుసటి కమిటీలో అవసరమని ఎవరూ అడగకపోతే పేర్లు రాసి చీటీలు తీశారు. మొదటి నంబరు నాన్నకే పడింది. ఆయన వెంటనే తీసుకోలేదు. చుట్టూ చూసి, "ఎవరికైనా అవసరం ఉందాండీ? మొహమాటపడకండి... కిందటిసారి నేనూ పడ్డాను," అన్నారు.

 గోడవారగా కూర్చున్న ఒకాయన మెల్లగా గొంతు సవరించుకున్నారు...

ఇప్పుడు నేను జెద్దాలో ఉద్యోగం చేస్తున్నాను. యాప్‌లో ఒక్క నొక్కు నొక్కితే అప్పు వచ్చి పడుతోంది. ఎవరినీ అడగక్కర్లేదు, ఎవరి ముందూ తల దించక్కర్లేదు... "అవసరం ఉందా?" అని మనల్ని అడిగేవాళ్లూ లేరు.

మీ ఇంటికి కష్టం వచ్చినప్పుడు అలా అడిగినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఉంటే వాళ్ల గురించి కింద రాయండి... అన్నీ చదువుతాను.