కుండలు కడిగిన పుణ్యం

ఆ గ్లాసు తీసినచోటే పెట్టవేమయ్యా నరసయ్యా! చాయ్ తాగడం, చెయ్యి ఎక్కడ ఆడితే అక్కడ పెట్టేయడం! నీ వయసుకు ఇదేనా పద్ధతి? మీరంతా నవ్వకండి, మీకూ చెప్తున్నా. వస్తువు దాని చోటు నుంచి కదిలితే ఏమవుతుందో, మొన్న నా మెడకు చుట్టుకున్నాక నాకు తెలిసొచ్చింది.

పర్ణశాల అవతల అడవిలో రాకాసి గుళ్లు తవ్వుతున్నారు కదా. రాకాసులూ లేరు, గుళ్లూ కావు. నాలుగు పలకరాళ్లు నిలబెట్టి పైన బండ కప్పిన పాతకాలపు సమాధులు. అక్కడ నేను మేస్త్రీని. చదివింది ఏడో తరగతే. అయినా తెల్లవారుజామున నాలుగింటికి లేస్తాననీ, చుట్ట ముట్టననీ, డ్యూటీకి ఒక్క నిమిషం ఆలస్యం కాననీ తవ్వకం చేయించే సారు ఆ పని నాకిచ్చాడు.

మొదటి రోజే సారు రూల్ చెప్పాడు. దొరికిన వస్తువును దొరికినచోటే ఉంచాలి. చుట్టూ మట్టిని బ్రష్‌తో దులపాలి. ఫొటో తీయాలి, బొమ్మ గీయాలి, పాతిన మేకుల నుంచి టేపు పట్టి దూరం, లోతు రాసుకోవాలి. ఆ తర్వాతే చెయ్యి పెట్టాలి, సంచిలో వేసి చీటీ కట్టాలి. ఈ రూల్‌ను కూలీలందరి చేత రోజూ బడిపిల్లల్లా చెప్పించేవాణ్ణి. ఒకనాడు వాళ్లలో ఒకతె, సమ్మక్క, మట్టిలో పూస కనబడగానే సంబరంగా తీసి చూపించింది. ఊరుకుంటానా? "క్రమశిక్షణ లేని బతుకూ ఒక బతుకేనా?" అని నాలుగు నీతులు చెప్పి, మధ్యాహ్నం దాకా ఎండలో కూర్చోబెట్టి రూల్ అప్పజెప్పించాను. ఆమె ఒక్క ముక్క తప్పకుండా అప్పజెప్పింది. అక్కడే నాకు అనుమానం రావాల్సింది.

పోయిన సోమవారం ఒక రాకాసి గుడిలో ఎముకల పక్కన పదకొండు కుండలు బయటపడ్డాయి. కొన్ని బోర్లా, కొన్ని పక్కకు ఒరిగి, అన్నిటి నిండా మట్టి. సారుకు కాలు నిలవలేదు. మర్నాడు హైదరాబాద్ నుంచి పెద్దసారు వస్తున్నాడు. ఆయన సరేనంటేనే తవ్వకం సాగుతుంది, లేదంటే అందరం ఇళ్లకే. తీరా చూస్తే కెమెరా బ్యాటరీ అయిపోయింది, ఊళ్లో కరెంటు లేదు. "ఛార్జింగ్ పెట్టించి పొద్దున పెద్దసారుతో వస్తా. ఏదీ కదలొద్దు మేస్త్రీ, నీదే బాధ్యత" అని సారు భద్రాచలం బస్సెక్కాడు.

బాధ్యత అన్నాక చేతులు కట్టుకుని కూర్చుంటానా? అంత పెద్దమనిషి వచ్చి ఈ మురికి చూడాలా? మా పరువేం కాను? గుంతలోకి దిగాను.

"మేస్త్రీ, సారు ముట్టొద్దన్నడు గద?" అంది సమ్మక్క.

"ముట్టొద్దన్నది మీకు! నేను మేస్త్రీని."

"గట్లనా! రూల్ల గా ముక్క లేదే?"

"నోరు మూసుకొని కొబ్బరిపీచు పట్రా."

"నేను చెయ్యి పెట్ట. మళ్ల ఎండల కూసోబెడ్తవ్."

పదకొండూ నేనే తీశాను. లోపలి మట్టిని మట్టికుప్ప మీద కుమ్మరించాను. వాగు దగ్గర బూడిదేసి పీచుతో తోమాను. ఎరుపు, నలుపు తళతళలాడాయి! పెద్దదాని నుంచి చిన్నదాని దాకా టార్పాలిన్ కింద వరుసగా పేర్చి, సుద్దముక్కతో నంబర్లు వేశాను. సున్నం దొరికి ఉంటే పలకరాళ్లకు కూడా కొట్టేవాణ్ణి.

పొద్దున పెద్దసారుతో పాటు సారు జీపు దిగి, ఎముకలే మిగిలిన గుంతను చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

"కుండలేవి మేస్త్రీ?"

"సైజు వారీగా సర్దిన సార్!"

"ఏది తలవైపు ఉండింది? ఏది కాళ్లవైపు?"

సుద్దముక్కతో వేసిన నంబర్లు చూపించాను.

"లోపలి మట్టి?"

"ఒక్క రేణువు లేకుండ పారబోసిన సార్."

సారు బండ మీద కూలబడ్డాడు. ఆ మట్టిలోనే గింజలు, పూసలు ఉంటాయట. చచ్చినవాడికి ఏం పెట్టి పంపారో ఆ మట్టే చెప్పాలట. వేల ఏండ్లుగా వానలు, వేర్లు, అడవిపందులు చెరపలేనిదాన్ని నేను ఒక్క సాయంత్రంలో చెరిపేశాను. పెద్దసారు ఒక కుండను అటూ ఇటూ తిప్పి, "చాలా శుభ్రంగా తోమారు. మా ఇంట్లో కూడా ఇంత బాగా తోమరు. ఇక తవ్వకం ఆపేయండి" అన్నాడు.

అప్పుడు సమ్మక్క ముందుకొచ్చింది. "సారూ, గా పెద్దది బండకు ఆనుకొని బోర్లపడి ఉండె. గా మూతి పగిలింది ఎముకల కాడ. బ్రష్ కొట్టింది నేనే, నాకెరికే." పదకొండింటి చోట్లూ చూపించింది. మట్టిలో మిగిలిన ఏ గుంటలో ఆ కుండ అచ్చంగా కూర్చుంది. పెద్దసారు మెత్తబడ్డాడు. తవ్వకం ఆగలేదు. మేస్త్రీ మాత్రం మారాడు. ఆ పని సమ్మక్కకు ఇచ్చి, నా చేతిలో జల్లెడ పెట్టారు. మట్టికుప్ప మొత్తం నేనే జల్లించాలి.

"జల్లెట్ల ఏం కనబడ్డా చెయ్యి పెట్టకు. ఆపి నన్ను పిలువు" అంది కొత్త మేస్త్రీ.

మూడో రోజు ఎర్రటి పూస ఒకటి మెరిసింది. పోయిన ప్రాణం లేచొచ్చింది! "దొరికింది!" అని అరుస్తూ రెండు వేళ్లతో పట్టి పైకెత్తాను.

సమ్మక్క పూసను చూడలేదు. నా వేళ్లను చూసింది. తర్వాత ఎండకేసి చెయ్యి చూపించింది.

మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. కూలీలందరి ముందు "దొరికిన వస్తువును దొరికినచోటే ఉంచాలి" అని నేను అప్పజెప్తుంటే, గుంతలోంచి ఆమె గొంతు వినిపించింది:

"ఇనబడ్తలేదు పెద్దయ్యా, జర గట్టిగ!"