మా బామ్మర్ది పరిగెత్తిన ఐదు కిలోమీటర్లు

మా బామ్మర్ది పోయాడు. చెరుకుకు నీళ్లు మళ్లిస్తూ ఉంటే వాళ్ల కూతురు ఫోన్ చేసింది. "మామా, నాయన పోయినాడు" అని మాత్రం అంది. తిరువళ్లూరు ఆసుపత్రిలో ఐదు రోజులుగా జ్వరంతో ఉన్నాడు. గట్టి మనిషి, లేచి వస్తాడనుకున్నాను. గట్టు మీద కూర్చుండిపోయాను. నీళ్లు పక్క చేలోకి పొర్లిపోయాయని ఎవరో వచ్చి చెప్పేదాకా నాకు తెలియలేదు.

వాడు నా భార్యకు తమ్ముడు. నేను అత్తిమంజేరిపేటలో సేద్యం చేసేవాడిని, అయిదో తరగతితో బడి మానేసినవాడిని. పోయినవాళ్ల గురించి మంచే రాయాలంటారు. వాడి మంచి రాస్తాను. నా తప్పు కూడా రాస్తాను, అది లేకుండా వాడి మంచి తెలియదు.

ఆత్తిపట్టు కరెంటు ప్లాంటులో పనిచేసి రిటైరై ఊరికి వచ్చాడు. చక్కెర జబ్బుకు డాక్టరు నడవమంటే నడిచాడు, నడక పరుగైంది. పొద్దు పొడవకముందే మా ఇంటి ముందు నుంచి తిరుత్తణి రోడ్డు పట్టేవాడు. నడుముకు తుండు, జేబులో అరిటాకులో చుట్టిన రాగి సంకటి ముద్ద, ఉప్పు పొట్లం. ఎదురొచ్చిన ప్రతి మనిషికీ చెయ్యెత్తేవాడు.

"అంత మెల్లగా పోతే దాన్ని పరుగంటారా?" అని అడిగాను ఒకసారి.

"దూరం పోయేవాడు మాట్లాడుకుంటా పోవల్ల బావా. మాట ఆగిపోయిందంటే జోరెక్కువైనట్టు" అన్నాడు.

వాడి ఆశ ఒకటే. కొండల్లో ఎనభై కిలోమీటర్లు ఒక్క రోజులో పరిగెత్తే పందెం ఉందట, అల్ట్రా మారథాన్ అంటారు. దానికి పేరిచ్చి ఏడాదిగా కాళ్లు సిద్ధం చేసుకుంటున్నాడు. ఇంకా ఆరు వారాలుందనగా తిరువళ్లూరులో ఐదు కిలోమీటర్ల చిన్న పందెం వచ్చింది. అందులోనూ పరిగెత్తుతానన్నాడు, కానీ గెలవడానికి కాదు. తిరువాలంగాడులో రైలు దిగి, అక్కడి నుంచి తిరువళ్లూరు దాకా పరిగెత్తి, ఆ అలిసిన కాళ్లతోనే ఈ ఐదూ పోవాలి.

"ఇది నాకు పందెం కాదు బావా, పొద్దుటి పరుగుకు తోక" అని ముందు రోజే విడమరిచి చెప్పాడు. నాకు బాగా అర్థమైంది. అయినా ఊళ్లో బంధువులందరితో మావాడు ముందొస్తాడని గొప్పలు చెప్పి, వ్యాన్ మాట్లాడి పదిమందిని తీసుకుపోయాను.

పందెం ముగిసే గీత దగ్గర నిలబడ్డాం. పిల్లలు వచ్చేశారు, పెద్దవాళ్లు వచ్చేశారు, నడిచేవాళ్లు కూడా వచ్చేశారు. అప్పుడు కనబడ్డాడు వాడు, ఒక లావుపాటి ఆయనతో కబుర్లు చెప్పుకుంటూ. బంధువులు నా మొహం చూశారు. నాకు తల తీసేసినట్టయింది.

"ఒరే, మా ఎనుము పాలు పిండే టయానికి ఇంతకంటే బిరాన వస్తాది. వీడికింకా ఎనభై కిలోమీటర్లంట" అని అరిచాను. అందరూ విరగబడి నవ్వారు.

మాలో బావ ఏమన్నా బామ్మర్ది కోపం తెచ్చుకోకూడదు. పెళ్లిలో మొదలైన ఎగతాళి పాడె దాకా నడుస్తుంది. నొచ్చుకున్నవాడు ఓడినట్టు. వాడూ నవ్వాడు. నవ్వుతూనే ఆ లావాటి ఆయన్ని వదిలేసి ఒక్కసారిగా దూకాడు. పొద్దున్నుంచీ పరిగెత్తిన కాళ్లతో, ఇరవై ఏళ్ల కుర్రాడిలా. గీత దాటి కుంటుకుంటూ పోయి కల్వర్టు మీద కూర్చున్నాడు. పిక్కలో నరం తెగింది.

నేను దగ్గరికి పోయి, "చూసినావా, నా మాట పడితేనే నీకు పరుగొచ్చేది" అన్నాను.

"నీ నోరుంటే పెట్రోలెందుకు బావా" అన్నాడు, మొహమంతా చెమట.

ఇంట్లో వాళ్ల అక్క అడిగింది, కాలికేమైందిరా అని. "కంకర మీద మడత పడిందక్కా, సుమ్మా, ఊరికే చిన్న దెబ్బే" అన్నాడు. నేను పక్కనే అన్నం తింటున్నాను. తల ఎత్తలేదు. నా భార్య నెలరోజులు ఆ పిక్కకు నూనె రాసింది, నెలరోజులూ నేను ఆ కంకరను అలాగే ఉండనిచ్చాను.

ఆరు వారాలకు కొండల్లో పందెం వాడు లేకుండానే జరిగింది. "వచ్చే ఏడాది పోతాలే. కొండ యాడికి పోతాది" అన్నాడు. కాలు బాగైంది, మళ్లీ రోడ్డెక్కాడు. అంతలో ఈ జ్వరం.

కర్మ అయిన రోజు సాయంత్రం నా భార్యకు చెప్పేశాను, కంకర కాదు, నా నోరు అని. వత్తులు చేస్తోంది, చెయ్యి ఆపలేదు.

"తెలుసు. వ్యానులో వచ్చినోళ్లు ఊరకుంటారా? నేను వాడినడిగితే, నీకు తెలిసినట్టు బావకు చెప్పొద్దక్కా, ఆయన ముద్ద మింగలేడు అన్నాడు" అంది.

అంతకంటే తిట్టినా బాగుండేది.

మర్నాడు పొద్దున్నే వాడు పోయే దారిన నడిచాను. తిరుత్తణికి ఇంకా చాలా దూరముండగా ఒక టీ కొట్టు, అందులో ఒక ముసలమ్మ. గోడ మీద చెంబుతో నీళ్లు పెట్టి మూత వేసి ఉంది. ఆ నీళ్లెవరికమ్మా అన్నాను. రోజూ పరిగెత్తుకుంటూ వచ్చే ఆయనకంది. పేరు తెలియదంది. మా ఊరి పేరు చెబితే ఆమె మొహం విప్పారింది.

"మీ ఊరేనా? శానా రోజులాయె కనపడక. మీ వెనకాల మెల్లగా వస్తా ఉండాడా?"

పదిమందిలో అంత సులువుగా లేచిన నోరు ఆ ఒక్క ముసలమ్మ ముందు లేవలేదు. ఆమె కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నేను వచ్చిన రోడ్డు వైపు చూస్తోంది. నేనూ తిరిగి అటే చూస్తూ నిలబడ్డాను.