ఉడత మొహం అచ్చు

మా అమ్మాయిని వాళ్ల నాన్న ఉడత అనేవారు. పెన్సిలు, గరిటె కాడ, జడ రిబ్బను, ఏది దొరికితే అది కొరికేది. కూరగాయలు తరగమంటే చాలు, ఇంట్లోంచి మాయం. అలాంటిది బొమ్మల చదువులో చేరి, యూనివర్సిటీ వాళ్లతో జపాన్ వెళ్లి, నెల రోజులు చెక్క చెక్కింది.

"నవ్వకమ్మా. పొద్దున్నుంచి సాయంత్రం దాకా తరుగుడే ఇక్కడ," అంది ఫోనులో.

"మీ గురువుగారిని అడుగు, నాలుగు వంకాయలు కూడా ఇమ్మని," అన్నాను.

ఆ పని తీరు తనే చెప్పింది. కాగితం మీద గీసిన బొమ్మను చెక్కకు బోర్లా అంటించి, గీతలు మాత్రం మిగిలేలా చుట్టూ చెక్కేస్తారు. ఆ గీతలకు రంగు పూసి, తడి కాగితం పరిచి రుద్దితే బొమ్మ సరిగ్గా పడుతుంది. మా ఉడత అద్దంలో చూసుకుని తన మొహం గీసి, బోర్లా వేయడం మరిచి వెల్లకిలా అంటించి, అలాగే చెక్కేసింది. గురువు చీవాట్లు పెట్టాడట.

తిరిగొచ్చిన మూడో వారం జ్వరం పట్టుకుంది. మార్చుకోను బట్టలు తెద్దామని ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్లాను. ఆ గంటలోనే పోయింది.

"ఏదో చెప్పిందమ్మా, నాకు వినపడలేదు," అంది నర్సు.

ఆ మాట ఏమిటో తెలియక నాకు ముద్ద దిగేది కాదు.

కొన్నాళ్లకు యూనివర్సిటీ మేడమ్ కబురు చేసింది. ఉడత చెక్కిన ఆ చెక్క అచ్చు వేయకుండానే ఉండిపోయిందట. నేనూ మా ఆయనా వెళ్లాం. మిట్టమధ్యాహ్నం, కిటికీలన్నీ తెరిచే ఉన్నాయి.

మేడమ్ రంగు పూసి, రుద్ది, మొదటి కాగితం లేపగానే మా ఆయన స్టూలు మీద కూలబడ్డారు. తప్పుగా అంటించినందువల్ల, అద్దంలో అది చూసుకున్న మొహం కాక, ఎదురుగా నిలబడి మేం చూసే మొహం పడింది. పుట్టుమచ్చ ఎడమ బుగ్గ మీదే ఉంది. పెదాలు మూసుకుని ఉన్నాయి.

రెండో దానిలో పెదాల మధ్య గీత కాస్త తెగింది.

"సన్నటి గీతండీ, చెక్క రాలుతోంది," అంది మేడమ్.

మూడో దానిలో ఇంకాస్త తెగింది. నాలుగు, ఐదు తీసేసరికి నోరు తెరుచుకుంది. మాట అందుకోబోతున్నట్టే ఉంది. నేను దగ్గరికి జరిగాను.

"చాలు. దాన్నిక వదిలెయ్యవే," అన్నారు ఆయన.

"ఒక్కటి."

"ఇంకొకటి తీస్తే పెదవే పోతుందమ్మా," అంది మేడమ్.

"పోనివ్వండి."

ఆరో కాగితం లేపింది. పెదాలు మూసుకుని ఉన్నాయి. గీత ఈ చివర నుంచి ఆ చివర దాకా నిండుగా ఉంది.

మేడమ్ చెక్క మీద వేలు రాసి చూసింది. "రంగు ఎక్కువై నిండిందేమో," అంది. నేనూ తడిమాను. తెగిన చోట గుంట అలాగే ఉంది. వేలికి రంగు అంటలేదు.

"ఇంకోటి తీయమంటారా?" ఈసారి తనే అడిగింది.

"వద్దండీ. చెప్పనంటోంది."

గుడ్డ తడిపి చెక్కను నేనే తుడిచాను. నోటి దగ్గర మాత్రం నెమ్మదిగా.