గోడ పక్కన తాతయ్య చెప్పిన సినిమా

నా చిన్నప్పుడు పాకాలకు హిందీ సినిమా వచ్చిందంటే మా తాతయ్యకు పండగే. రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన మనిషి. ఊళ్ళు తిరిగి నేర్చుకున్న హిందీ కొంత, మిగతాదంతా ధైర్యం. మా ఊరి సినిమా హాల్లో మగవాళ్ళకూ ఆడవాళ్ళకూ మధ్య నడుమెత్తు గోడ ఉండేది. తాతయ్య ఆ గోడ పక్కనే కూర్చుని, తెర మీది మాటలన్నీ ఇవతలి ఆడవాళ్ళకు తెలుగులో చెప్పేవాడు. ఆయన లేకుండా మా వీధి ఆడవాళ్ళు హిందీ సినిమాకు కదిలేవాళ్ళే కాదు.

అప్పుడు నేను ఏడో తరగతి. బడిలో హిందీలో నాదే మొదటి మార్కు. అందుకని నాకు కాస్త కొమ్ములు కూడా ఉండేవి.

ఆ రోజుల్లోనే మా పక్కింటి అక్కకు సత్యవేడు సంబంధం కుదిరి తాంబూలాలు మార్చుకున్నారు. మా వైపు తాంబూలం పుచ్చుకుంటే సగం పెళ్ళి అయిపోయినట్టే. వెనక్కి ఇవ్వడమంటే రెండిళ్ళ పరువూ వీధిలో పెట్టడమే. కానీ అక్క మనసు మా బడిలో లెక్కలు చెప్పే సారు మీద ఉంది. ఆ సారుకూ అక్కంటే ఇష్టమే కానీ, చిత్తూరులో మేనమామ కూతురితో అప్పటికే తాంబూలాలు అయిపోయాయి. తల్లికి చెప్పే ధైర్యం లేక, పేపరు చదివి వినిపించే వంకతో వచ్చి అక్క మా తాతయ్య దగ్గర ఏడ్చేది. అక్క వాళ్ళమ్మను నేను పెద్దమ్మ అనేదాన్ని. భర్త పోయాక ఇంటి పెత్తనమంతా ఆవిడదే. మాట కరుకు. తాతయ్య కూడా ఆవిడ ముందు కొంచెం తగ్గే మాట్లాడేవాడు.

సరిగ్గా అప్పుడే ఆ సినిమా వచ్చింది. ఒక అమ్మాయి, ఒక అబ్బాయి. ఇద్దరికీ వేరేచోట్ల నిశ్చితార్థాలయ్యాక ఒకరికొకరు తారసపడి ఇష్టపడ్డారు. ఆదివారం మ్యాట్నీకి తాతయ్య పనిగట్టుకుని పెద్దమ్మను రప్పించాడు. గోడ పక్కన ఆవిడ, ఆవిడ పక్కన నేను, నా పక్కన అక్క.

ఇంటర్వెల్ దాకా తాతయ్య ఉన్నది ఉన్నట్టే చెప్పాడు. ఆ తర్వాత నాకు తేడా తెలిసింది. తెర మీద ఆ పిల్ల తల్లి, మాట ఇచ్చేశాం, ఇక వాణ్ణి మరిచిపో అంటోంది. తాతయ్యేమో గోడ మీదికి వంగి, "నా బిడ్డ ఏడ్చుకుంటా కాపరం చేస్తే నాకు పరువు యాడుంటాది అంటా ఉండాదమ్మా ఆ తల్లి" అని చెబుతున్నాడు.

నేను ఆగలేకపోయాను. తాతయ్య తప్పు చెబుతున్నాడు, ఆవిడ అలా అనలేదు అని పైకే అనేశాను. తాతయ్య మాట టక్కున ఆగిపోయింది. అక్క నా మోచెయ్యి పట్టుకుంది. నేనేదో పాడు చేశానని అప్పుడు భయమేసింది.

పెద్దమ్మ నా వైపు తిరగను కూడా లేదు. "గమ్మునుండు పాపా" అని, గోడ దగ్గరికి జరిగి, "ఆ తల్లి ఇంకేమనింది మామా?" అని అడిగింది.

తాతయ్యకు ప్రాణం లేచి వచ్చింది. ఇక తెరకూ ఆయన కథకూ పొంతనే లేదు. తెర మీద ఆ పిల్ల కళ్ళు తుడుచుకుని, నిశ్చయమైనవాడి కారెక్కి వెళ్ళిపోయింది. తాతయ్య కథలో మాత్రం తల్లే వెళ్ళి తాంబూలం తిరిగి ఇచ్చేసింది, ఆ కారు మనసైనవాడి ఊరికే పోతోంది. పెద్దమ్మ మధ్యమధ్య అడుగుతూనే ఉంది. మొదటి సంబంధం వాళ్ళు తిట్టలేదా అంది. తిట్టారట, నాలుగు రోజులు తిట్టి ఊరుకున్నారట.

తిరిగి వచ్చేటప్పుడు నేను మూతి ముడుచుకుని నడుస్తున్నాను. పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని అందరికన్నా వెనక నడిపించింది.

"నువ్వు సెప్పిందే నిజం పాపా. మా నాయన షోలాపూర్ మిల్లులో పనిచేసినన్నాళ్ళూ నేను ఆడనే పెరిగినాను. మీ తాతకన్నా నాకే బాగా వొచ్చు హిందీ. ఆయనకు సెప్పబాకు, పాపం శానా కష్టపడినాడు."

మరి ఎందుకు విన్నావని అడిగాను. ఆవిడ ముందు నడుస్తున్న అక్క వైపు చూసింది.

"నా బిడ్డ నాతో సెప్పుకోలేక ఇంకొకరి నోట సెప్పించుకునింది. అది కూడా ఇనకపోతే నేనేం తల్లిని?"

ఆ వారంలోనే పెద్దమ్మ తాంబూలం తీసుకుని ఒక్కతే సత్యవేడు బస్సెక్కింది. అక్కడ ఎన్ని మాటలు పడిందో ఎవరికీ చెప్పలేదు. సారు చిత్తూరు వెళ్ళి మేనమామ ముందు నిలబడి తనే చెప్పుకున్నాడు. వాళ్ళ పిల్లకు మంచి సంబంధం కుదిరేదాకా ఆ ఇంటివాళ్ళు ఆయనతో మాట్లాడలేదు. అక్క పెళ్ళి తిరుమలలో జరిగింది. భోజనాల దగ్గర తాతయ్య తన హిందీ గొప్ప చెప్పుకుంటుంటే, మామ హిందీ లేకుంటే మా గతేమయ్యేదో అంటూ పెద్దమ్మ ఆయన ఆకులో ఇంకో లడ్డు వేసింది. నాకు నవ్వాగలేదు, ఆవిడ మీద చెప్పలేనంత ప్రేమ పుట్టింది.

తర్వాత నేను హిందీ టీచరునే అయ్యాను. ముప్పై ఏళ్ళు పిల్లల తప్పులు దిద్దాను. కానీ క్లాసు బయట ఎవరైనా తప్పు చెబుతుంటే, నోరు తెరిచే ముందు వింటున్న మనిషి మొహం చూడడం ఆ రోజే అలవాటైంది. తాతయ్యకు మాత్రం ఆయన పోయేదాకా నిజం చెప్పలేదు.

మొన్న ఆ సినిమా టీవీలో వచ్చింది. ఆ తల్లి ఏమంటోంది అవ్వా అని మా మనవరాలు అడిగింది. తాతయ్య చెప్పిందే చెప్పాను.